సేఠ్ మొదటి బండి

సేఠ్ వస్తున్నాడంటే ఓదెలుకు చెమటలు పట్టాయి.

షఫీఉద్దీన్ సేఠ్ బిస్కట్లు తినని ఇల్లు పాతబస్తీలో లేదు. తోపుడు బండి మీద బిస్కట్లు అమ్మి ఇంతవాణ్ణయ్యానని ఏ సభలోనైనా చెబుతాడు. ఆ బండిని కొత్త ఆఫీసులో అద్దాల గదిలో పెట్టాలని ఆయన కోరిక.

"మీ బాపుకే అమ్మిన. జర వెతుకు భాయ్. దొరికితే కంపెనీ బండ్లన్ని నీతోనే చేయిస్త" అని పోయిన నెల ఫోన్ చేశాడు.

శాలిబండలో ఓదెలుది బండ్లు చేసే కార్ఖానా. పని లేక మూతపడేలా ఉంది. పాత బండ్లను బాపు ఎప్పుడో పొయ్యిలో పెట్టాడు. అయినా నోరు ఊరుకోలేదు. "ఉంది సేఠ్, భద్రంగ ఉంది" అనేశాడు.

ఇక తప్పుతుందా? పాత చెక్క తెచ్చి కొత్త బండి చేశాడు. గొలుసుతో గీకాడు. చాయ్ డికాషన్ తాగించాడు. మసి పూశాడు. చూస్తే జాలేసేలా తయారైంది.

కారు ఆగింది. సేఠ్ దిగాడు. వెనకే కంపెనీ వాళ్లు, వీడియో తీసే ఫర్హీన్.

సేఠ్ బండి చుట్టూ తిరిగాడు. పిడి పట్టుకున్నాడు.

"గిదే! ఈ దెబ్బ చూడుండ్రి, మొఘల్‌పురా మలుపు కాడ గోడకు తాకింది."

ఓదెలు ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో ఫర్హీన్ వంగి చూసింది.

"అన్నా, గీ కుంకుమ ఏంది? ఇంక తడిగనే ఉన్నది?"

ఓదెలు నాలిక్కరుచుకున్నాడు. కొత్త బండి తయారు కాగానే బొట్టు పెట్టడం వాళ్లింటి అలవాటు. పొద్దున చేయి తనంతట తానే పెట్టేసింది.

సేఠ్ కూడా వంగి చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"మొదటి దినం మా బస్తీల కాశమ్మక్క పెట్టిన బొట్టు బేటీ ఇది. ఇన్నేండ్లయినా ఆరలే. బర్కత్ అంటే గిదే!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఫర్హీన్ ముక్కు చీదుకుంది.

"మీరందరు జర బయట ఉండుండ్రి" అన్నాడు సేఠ్. వాళ్లు వెళ్లగానే తనే తలుపు మూశాడు.

ఓదెలు చేతులు జోడించాడు. "తప్పయింది సేఠ్..."

సేఠ్ అతని భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గరకు వంగాడు.

"బండి మస్తు చేసినవ్ భాయ్, నేను పుట్టిన బంగ్లాను జనాలకు చూపియ్యలేను గద, గిట్లనే ఒక పాత గుడిసె గూడ చేసిపెట్టు!"