ఎడమచేతి వీడ్కోలు

బిరామ్ వీసా ఆఫీసు గేటు దాటి బయటికొచ్చాడో లేదో, ఎదురుగా పల్లీలు అమ్ముకునే ముసలామె లేచి ఎడమ చెయ్యి చాపింది.

అతని మనసు మనసులో లేదు. వీసా ఈసారి కూడా రాలేదు.

పరధ్యానంలో అతనూ ఎడమ చెయ్యే అందించాడు. ఆ తర్వాత ఉలిక్కిపడ్డాడు.

డకార్‌లో ఎడమ చెయ్యి ఎవరుపడితే వాళ్లు ఇవ్వరు. దూరం పోయేవాడికి తల్లో అక్కో ఇస్తారు. పోయినవాడు ఎలాగైనా తిరిగొచ్చి, కుడి చెయ్యి కలిపి ఆ తప్పు దిద్దుకోవాలి. అదొక ఒట్టు.

"ఏంటమ్మా ఇది? నేనేమన్నా ఊరు పోతున్నానా?"

"పోవా?"

"వీసా రాలేదు తల్లీ. ఎక్కడికి పోతాను?"

"వీసా వచ్చినవాళ్లకి నేను చెయ్యివ్వను బాబూ. వాళ్లు విమానంలో పోయి విమానంలో వస్తారు. వీసా రానివాళ్లకే ఇస్తాను."

బిరామ్ చుట్టూ చూశాడు.

"పడవ మాట్లాడుకున్నావు కదూ?" అందామె గొంతు తగ్గించి.

"నీకెందుకమ్మా? నీ పల్లీలు నువ్వు అమ్ముకో."

"నీ కాళ్లు పట్టుకుంటా నాయనా, ఎక్కొద్దు. నీకేం కావాలన్నా చేస్తాను, ఆ పడవ ఎక్కొద్దు."

పిచ్చిది అనుకున్నాడు. విదిలించుకుని బస్సెక్కాడు.

కుట్టు దుకాణంలో స్నేహితుడు ఎలిమాన్ మిషను ఆపి తలెత్తాడు.

"ఏమన్నారురా దొరలు?"

"తిరిగొస్తానని నమ్మకం లేదట."

"రానూపోనూ టికెట్ చూపించావుగా?"

"చూపించాను. బీమా, బ్యాంకు కాగితాలు, అక్క పంపిన ఆహ్వానం, ఆస్పత్రి చీటీ, అన్నీ పెట్టాను. జీతమిచ్చే యజమాని ఎవరన్నారు. పెళ్లాం ఏదీ, పిల్లలేరీ అన్నారు."

"పెళ్లాం లేనివాడు ఇంటికి రాడని వాళ్లకెవరు చెప్పారో! ఉన్నవాళ్లే కదరా రానిది."

బిరామ్ నవ్వలేదు. అక్క నబూ మార్సెయ్‌లో ఆస్పత్రి మంచం మీద ఉంది. తల్లి పోయాక అతన్ని వీపున కట్టుకుని పెంచింది ఆమే. ఒక్కసారి చూసి వచ్చేద్దామన్నదే అతని ఆశ. వచ్చేస్తానంటే ఎవరూ నమ్మలేదు. సరే, రానివాళ్ల దారిలోనే పోతాను అనుకుని, మొదటిసారి వీసా లేదన్నప్పుడే తియారాయ్ తీరంలో ఒక చేపల పడవ మాట్లాడుకున్నాడు. అది స్పెయిన్ దీవులకు పోతుంది, అక్కణ్ణించి మార్సెయ్‌కి ఎలాగో దారి దొరుకుతుంది.

అప్పుడే ఆ పడవ నడిపే సరంగు ఫోన్ చేశాడు.

"ఎల్లుండే ప్రయాణం. నీతో పడవ సరిగ్గా నిండింది. ఒక్క మనిషి తగ్గినా తియ్యను తమ్ముడూ, నాకు డీజిలు ఖర్చు కూడా గిట్టదు. నువ్వు రాలేకపోతే ఇంకెవర్నన్నా పంపు."

ఆ రోజంతా బిరామ్‌కి ముసలామె చెయ్యే గుర్తొచ్చింది. పడవలో పోతే తిరిగి రాలేనని తెలిసీ ఎడమ చెయ్యిచ్చి పోవడమంటే, అబద్ధమాడి సముద్రం మీదికి పోవడమే. బుద్ధున్నవాడెవడూ ఆ పని చెయ్యడు.

కుడి చెయ్యి కలిపి ఒట్టు తీసేసుకుందామని మర్నాడు గేటు దగ్గరికి పోయాడు. ఆమె లేదు. ప్రయాణం నాడూ పోయాడు. అప్పుడూ లేదు.

"నాకు కాళ్లు కదలడం లేదురా" అన్నాడు ఎలిమాన్‌తో.

"ముసలమ్మ చేతికి జడుసుకున్నావా? నలుగురికీ చెప్తే నవ్విపోతారు!"

"నవ్వితే నవ్వనీ. అవతల సరంగుకి మాటిచ్చాను."

"దానిదేముంది, నీ చోటు నాకియ్యి. నాకెవరూ చెయ్యివ్వలేదుగా!"

నిజం చెప్పాలంటే బిరామ్‌కి ప్రాణం లేచొచ్చింది. సరంగుకి ఫోన్ చేసి పేరు మార్పించాడు.

ఎలిమాన్ కుడి చెయ్యి కలిపి, నవ్వుతూ వెళ్లిపోయాడు. వాడికి ఎడమ చెయ్యి ఇవ్వాలని బిరామ్‌కి తోచనే లేదు.

ఆ పడవ ఏ దీవికీ చేరలేదు. ఏ ఒడ్డుకీ ఒక్క చెక్కముక్క కూడా కొట్టుకురాలేదు.

నబూ మెల్లగా కోలుకుంది. "నువ్వు రాకపోయినా ఫరవాలేదురా, బతికున్నావు, అది చాలు" అంది ఫోన్‌లో. బిరామ్ ఫోన్ పెట్టేశాడు. ఎలిమాన్ మిషను మీద సగం కుట్టిన గౌను అలాగే ఉంది. దాన్ని తియ్యడానికి చేతులు రావడం లేదు. అర్ధాకలితో, అరకొర నిద్రతో రోజులు గడుస్తున్నాయి.

చివరికి ఒక ఉదయం వీసా ఆఫీసు గేటు దగ్గరికి పోయాడు. వరుస ఎప్పటిలాగే వీధి చివరిదాకా ఉంది. పల్లీల గంప ఉండే చోటు మాత్రం ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూర్చునే పల్లీలమ్మ ఏది అన్నా?" అని కాపలావాణ్ణి అడిగాడు.

"ఇక రాదు. నువ్వెవరు?"

"ఆమె దయవల్ల బతికినవాణ్ణి. పడవ ఎక్కకుండా నన్ను ఆపింది. ముక్కూ మొహం తెలియని నాకోసం ఎంత బతిమాలిందో! ఒక్కసారి చూసి పోదామని వచ్చాను."

కాపలావాడు అతన్ని ఎగాదిగా చూశాడు.

"అందర్నీ అలాగే బతిమాలేది. ఎవరన్నా ఆగుతారేమో, పడవ నిండకుండా పోతుందేమోనని. ఆఖరి రెండు రోజులూ గంప కూడా ఎత్తుకోకుండా తీరంలోనే కూర్చుంది. ఆ రోజు ఒక్క మనిషి తక్కువన్నారట, ఎంత మురిసిపోయిందో! చివరి నిమిషంలో ఎవడో వచ్చి ఎక్కాడట."

బిరామ్ ఆ ఖాళీ చోటుకేసి చూశాడు.

"పడవ నిండితే ఆమెకేంటి?"

కాపలావాడు తల తిప్పుకున్నాడు.

"ఆ సరంగు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు" అన్నాడు.