నా ఇష్టపూర్వకంగా

"దాని మీద సంతకం పెట్టకండమ్మా."

ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే, అందరూ ఎక్స్‌రే అక్క అని పిలిచే ఆమె ఉలిక్కిపడి పక్కకు చూసింది.

మేనేజరు గది బయట, బెంచీకి ఆ చివర ఎవరో ఆవిడ. అరిగిన చెప్పులు, ఒళ్ళో చేతిసంచీ. చాలాసేపట్నుంచీ అక్కడే కూర్చుని ఉంది.

ఎక్స్‌రే అక్క చేతిలోని కాగితాన్ని గబుక్కున మడిచింది. దాని మీద ఉన్నది ఒకటే వాక్యం. 'నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానేస్తున్నాను' అని.

ఇష్టమూ లేదు, పాడూ లేదు. పొద్దున డ్యూటీకి రాగానే మేనేజరు తన గదిలోకి పిలిచి, "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు.

"ఎందుకు సార్?"

"బుద్ధి పుట్టినప్పుడు రావడానికి ఇదేమన్నా పుట్టిల్లా? ఎప్పుడు చూసినా సెలవులే!"

సెలవులు పెట్టిన మాట నిజమే. గోడలకు రంగులేసే భర్త నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. లేపినా ఆమే, పడుకోబెట్టినా ఆమే. ఆ సంగతి మేనేజరుకూ తెలుసు.

ఏడ్చింది, బతిమాలింది. చివరికి అనుభవం సర్టిఫికెట్టయినా ఇమ్మంది. దానికి ఆయన ఈ కాగితం చేతిలో పెట్టాడు. ఇది ఇస్తేనే అది అన్నాడు.

మధ్యాహ్నానికల్లా తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. ఇంకో ఆసుపత్రిలో ఖాళీ ఉందన్నారు. సర్టిఫికెట్టు పట్టుకుని రేపే రమ్మన్నారు.

"నా గొడవ మీకెందుకండీ?" అంది చిరాగ్గా.

"పొమ్మన్నది వాళ్ళు. ముందుగా చెప్పకుండా పొమ్మంటే నోటీసు కింద నెల జీతం ఇచ్చి పంపాలి. మీ అంతట మీరే మానేసినట్టు రాసిచ్చారంటే అది పోయినట్టే. పైగా నోటీసు ఇవ్వకుండా మానేశావని మీ జీతంలోనే కోస్తారు."

"మీకెలా తెలుసు?"

"నేను ఇదివరకు పనిచేసిన చోట నన్నూ ఇలాగే పంపేశారు. నేనూ భయపడి రాసిచ్చాను. అప్పట్నుంచీ పని లేదు."

అంతలో మేనేజరు తలుపు తీసి తొంగి చూశాడు. ఎక్స్‌రే అక్కను చూసి మొహం చిట్లించాడు. పక్కనున్నావిడను చూసి మాత్రం పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"ఈమెది తేల్చేసి మిమ్మల్ని పిలుస్తాను మేడమ్. టీ ఏమన్నా తాగుతారా?"

తలుపు మూసుకుంది.

ఎక్స్‌రే అక్కకు ఒళ్ళు మండిపోయింది. అదన్నమాట సంగతి! తన మనసులో ఏముందో కూపీ లాగడానికి మనిషిని పెట్టాడు.

ఆవిడ కాస్త దగ్గరికి జరిగింది.

"లేబర్ ఆఫీసు ఇక్కడికి దగ్గరేనట. రేపు మీతో నేనొస్తాను. మిమ్మల్ని తీసేసింది వాళ్ళేనని సాక్ష్యం చెబుతాను."

"మీరా? మీకేం తెలుసని సాక్ష్యం?"

"తెలుసమ్మా. అసలు నేనిక్కడికి వచ్చిందే..." ఆవిడ మేనేజరు తలుపు వైపు చూసింది. "మీతో ఎలా చెప్పాలో తోచడం లేదు."

"చెప్పకండి. రేపు నేను సర్టిఫికెట్టు చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఇంట్లో మనిషి మంచం మీద ఉన్నాడు. నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే మా ఇంట్లో పొయ్యి మీరొచ్చి వెలిగిస్తారా?"

లోపలి నుంచి పిలుపు రాగానే ఎక్స్‌రే అక్క కాగితం పట్టుకుని లేచింది.

మేనేజరు గదికి కిటికీ లేదు. సర్టిఫికెట్టు ఆయన మోచేయి కింద ఉంది. కనబడుతోంది గానీ అందదు.

"చదువుకునే పెట్టు, తొందరేం లేదు," అన్నాడాయన, పెన్ను మూత తీసి ఆమె ముందుకు తోస్తూ.

సంతకం పెట్టేసింది.

సర్టిఫికెట్టు మీద ముద్ర వేయించుకోమని లెక్కల గదికి పంపాడు. అక్కడ లెక్కలాయన చాలాసేపు నిలబెట్టి, తీరిగ్గా ముద్ర కొట్టి ఇచ్చాడు.

"మరి ఈ నెల జీతం?"

"జీతమెక్కడిదమ్మా? నోటీసు ఇవ్వకుండా మానేశావుగా. నెల జీతం నువ్వే మాకు కట్టాలి. దానికీ దీనికీ చెల్లు."

"నేను మానేయడమేంటండీ! పొమ్మన్నది మేనేజరు గారే!"

"ఎవరి ముందు అన్నారు?"

పొద్దున ఆ గదిలో ఉన్నది ఆయనా, తనూ.

సాక్ష్యం చెబుతానన్న మనిషి గుర్తొచ్చింది. పరుగులాంటి నడకతో బయటికొచ్చింది.

బెంచీ ఖాళీగా ఉంది.

గేటు దాకా వెళ్ళి రోడ్డుకు ఆ చివరా ఈ చివరా చూసింది. ఎవరి దారిన వాళ్ళు పోతున్న జనం. అరిగిన చెప్పుల కోసం ఎన్ని కాళ్ళని వెతుకుతుంది?

"తమ్ముడూ, బెంచీ మీద కూర్చున్నావిడ ఏది?" అని వాచ్‌మన్‌ను అడిగింది.

"ఇప్పుడే బస్సెక్కేసిందక్కా."

"ఇల్లెక్కడో తెలుసా?"

"పేరే తెలీదు, ఇల్లేం తెలుస్తుంది?"

"మేనేజరుకు బాగా కావలసిన మనిషి కదా, ఆయన్నే అడుగుతాను."

వాచ్‌మన్ ఆమెను వింతగా చూశాడు.

"ఆయన్నా? ఆవిడ మీద ఆయన అరిచిన అరుపులు గేటు దాకా వినబడ్డాయి. నువ్వు లెక్కల గదిలో ఉన్నావేమో, వినలేదు."

"ఎందుకు అరిచాడు?"

"'పాతామెను తీసేస్తున్నాం, వచ్చి చేరండి అని పోయిన వారం మీ నోటితో మీరే చెప్పారు, ముందు ఆమెకివ్వాల్సింది ఇవ్వండి, అప్పుడు చేరతాను' అని మొహమ్మీదే అనేసి పోయిందక్కా, రేపట్నుంచి నీ ఎక్స్‌రే గదిలో పని చేయాల్సిన మనిషి."