వెచ్చని బానెట్

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో కాలువలు గడ్డకట్టిన జనవరి రాత్రి. పడుకునే ముందు ఇంకోసారి కారు చూసుకుందామని నెవిల్ షెడ్డు వైపు నడిచాడు. వంటింటి గుమ్మంలోంచి భార్య బెరిల్ కేకేసింది.

"టీ చల్లారిపోతోందయ్యా! ఒక్క అసలు స్టీరింగ్ బిగించగానే నీ నకిలీ కారు అసలుదైపోయిందా?"

"ఇకమీదట నకిలీ అనకే. దానికి వినబడుతుంది," అన్నాడు నవ్వుతూ.

ఏళ్ల తరబడి అల్యూమినియం రేకును చెక్క అచ్చు మీద సుత్తితో కొట్టి, ఓ పాత రేసుకారును అచ్చుగుద్దినట్టు దింపాడు నెవిల్. ఆ అసలు కారు ఎప్పుడో ఒక రాత్రి పందెంలో పొగమంచులోకి దూసుకెళ్లింది. అదీ తిరిగి రాలేదు, దాన్ని నడిపినవాడూ రాలేదు. దారి పక్కన స్టీరింగ్ ఒక్కటే దొరికింది. దాన్నే ఇవాళ బిగించాడు.

లోపలికెళ్లి లైటు వేశాడు. పిల్లి బానెట్ మీద ముడుచుకుని పడుకుంది.

నెవిల్ నవ్వు ఆగిపోయింది. చలికాలంలో ఆ పిల్లి పడుకుంటే పొయ్యి పక్కనైనా పడుకుంటుంది, లేదా అప్పుడే ఊరు తిరిగొచ్చిన కారు మీదైనా.

చెయ్యి ఆనించాడు. రేకు వెచ్చగా ఉంది. కానీ ఇంజన్ ఇంకా బిగించనే లేదు. అది ఆ మూల గొలుసుకు వేలాడుతోంది.

ఖాళీ బానెట్ కిందనుంచి టిక్కు టిక్కుమని, చాలా దూరం పరుగెత్తి వచ్చిన ఇనుము చల్లారుతున్న చప్పుడు.

చర్చిలో అడుగుపెట్టినవాడిలా నెవిల్ టోపీ తీశాడు.

"ఎక్కడిదాకా వెళ్లొచ్చావే తల్లీ?" అని గుసగుసగా అడిగాడు.

చప్పుడు ఆగింది. మెల్లగా కారు తలుపు తెరుచుకుంది. స్టీరింగ్ వైపుది కాదు, పక్క సీటు వైపుది.