ఇరవై ఏళ్ల సంతకం

“ఇంకా గంటన్నర ఉంది బావా. మూడింటికి నామినేషన్లు మూసేస్తారు. లే, కారెక్కు.”

బావమరిది ఈ మాట అనడం మూడోసారి. శాసనసభ్యుడు లేవలేదు. సెక్రటరీ ఒక్కొక్కటే అందిస్తున్న కాగితాల మీద సంతకాలు చేసుకుంటూ పోతున్నాడు. సంతకం ఎక్కడ పడాలో సెక్రటరీ ముందే పెన్సిల్‌తో చిన్న టిక్కు పెడతాడు. సంతకం పడగానే రబ్బరుతో టిక్కు చెరిపేస్తాడు.

“వాటిలో ఏముందో చూడవా?”

“ఇరవై ఏళ్లుగా చూడలేదు. టిక్కు ఎక్కడుంటే నా సంతకం అక్కడ. ఏమయ్యా, ఎప్పుడైనా తేడా వచ్చిందా?”

“రాలేదండి,” అన్నాడు సెక్రటరీ, రబ్బరు పొట్టు ఊదుతూ.

ఒక్కసారి వచ్చింది. రైలు గేటు దగ్గర వంతెన కావాలని ఊరివాళ్లు అర్జీ రాశారు. దానికొక్కదానికి సెక్రటరీ టిక్కు పెట్టలేదు. చదివి సంతకం పెడతాడని ఆశపడ్డాడు. టిక్కు కనపడక ఆయన ఆ కాగితాన్ని పక్కకు నెట్టాడు. మూడేళ్లు సొరుగులో పడి ఉంది. నాలుగో ఏడు, మూసిన గేటు ముందు ఆగిన అంబులెన్సులో సెక్రటరీ భార్య పోయింది. ఆ రోజు గూడ్సు బండి చాలా పొడుగు.

“నాతో ఒక్క మాటైనా అనకుండా, పోటీ నుంచి తప్పుకుంటున్నానని పేపరుకెక్కుతావా?” బావమరిది బల్ల మీది పేపరును అరచేత్తో చరిచాడు. మొదటి పేజీలో శాసనసభ్యుడి ఉత్తరం ఫొటో వేశారు. “మా అక్కా పేపర్లోనే చూసిందట!”

“చెప్పే తీరిక దొరకలేదు.”

“నువ్వంటే జనానికి పడదు, కాదనను. అయినా తిట్టుకుంటూనే నాలుగుసార్లు గెలిపించారు. ఐదోసారీ గెలిపిస్తారు. నువ్వు లేకపోతే ఆ పంతులమ్మకు ఎదురేముంది? వంతెన కట్టిస్తానని వీధివీధీ తిరుగుతోంది.”

సెక్రటరీ చేతిలో రబ్బరు ఆగింది. శాసనసభ్యుడు కలానికి మూత పెట్టాడు. లేస్తాడనుకుని బావమరిది జేబులోంచి కారు తాళాలు తీశాడు.

“ఏమయ్యా, ఆ ఉత్తరం ఒకసారి చదువు,” అన్నాడు ఆయన.

సెక్రటరీ పేపరు అందుకున్నాడు. “ఇరవై ఏళ్లు నన్ను ఓర్చుకున్న ప్రజలకు ఇక విశ్రాంతి ఇవ్వదలచుకున్నాను...”

“మళ్లీ చదువు.”

మళ్లీ చదివాడు.

“బాగుంది,” అన్నాడు ఆయన. “పొద్దున పాలవాడు నన్ను చూసి నవ్వాడు. ఇన్నేళ్లలో అదే మొదలు.”

“పాలవాడి నవ్వు కోసం సీటు వదులుకుంటావా? ఏదో పొరపాటున రాశానని చెప్పెయ్ బావా.”

“ఒక్క సంతకం పొరపాటంటే మిగతావన్నీ తవ్వుతారు. గనుల కాగితాలు, నీ గోదాముల కాగితాలు. అన్నిటి మీదా ఇదే సంతకం.”

బావమరిది కూర్చున్నాడు. ఆ తర్వాత గోదాముల ఊసు గానీ, నామినేషన్ ఊసు గానీ ఎత్తలేదు. గోడ గడియారం మూడు కొట్టాక, వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయాడు.

ఆయన సెక్రటరీని చాలాసేపు చూశాడు.

“ఇక నీకిక్కడ పనేం లేదు కదయ్యా.”

“లేదండి.”

“ఎటు పోతావు?”

“గేటు దాకా. పంతులమ్మ మీటింగు అక్కడేనట.”

ఆయన పేపరును అతని వైపు తోశాడు. “ఇదీ పట్టుకుపో.”

సెక్రటరీ పెన్సిలు, రబ్బరు జేబులో వేసుకున్నాడు. బయట మెట్ల మీద నిలబడి, ఎండలో పేపరు విప్పి, ఉత్తరం ఫొటో కిందికంటా చూశాడు.

సంతకం పక్కన, చెరపని పెన్సిల్ టిక్కు.