రేవులో పీతమ్మ పురుడు

రేవు గోడ కింద పీతమ్మకు నెలలు నిండాయి. పొట్ట కింద గుడ్లు కదులుతున్నాయి. ఇక నీళ్లలోకి వదలాలి.

"ఇంకా ఆలోచనేంటే కోడలా? మురుగు తూము ఎప్పుడో మూసేశారు. నీళ్లు అద్దంలా ఉన్నాయి" అన్నాడు కొయ్యింగ చేప మామ.

పీతమ్మ కాలితో అడుగు మట్టిని కెలికింది. నల్లటి బురద పొగలా లేచి, పాత నూనె కంపు కొట్టింది.

"పైన తేటే మామా. అడుగున తాతలనాటి విషం అలాగే ఉంది."

"చాదస్తం! నేను బతకడంలేదూ?"

"మరి మాటమాటకీ పైకెళ్లి గాలి మింగి వస్తున్నావేం?"

జవాబు చెప్పబోయిన మామకు ఊపిరి అందలేదు. మళ్లీ పైకి ఈదాడు.

పీతమ్మ గుడ్లను పొట్టకు అదుముకుంది. "సముద్రం చేరేదాకా ఆగండి నాయనా" అని బతిమాలుకుంటూ అడ్డంగా పరుగు తీసింది.