సింగపూరు వాన

“ఉరుములు ఆగేదాకా ఆ పెద్ద చక్రం తిప్పరంట,” అంటూ టికెట్ల కిటికీ దగ్గర నుంచి ఇంద్రాణి మొహం వేలాడేసుకుని వచ్చింది. “పైకి పోయింటే సింగపూరంతా కనపడేది అన్నా. పొద్దున్నుంచి నీకు ఒక్కటీ చూపించలేకపోయినా.”

జయరాముడు వినిపించుకోలేదు. షెడ్డు అంచున నిలబడి, నోరు తెరుచుకుని వాన చూస్తున్నాడు.

చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టాలంటే మేనమామ ఒడి కావాలి. అందుకని గార్లదిన్నె నుంచి నాలుగు రోజుల కోసం వచ్చాడాయన. నిన్న ఆ వేడుక అయిపోయింది. రేపు తిరుగు ప్రయాణం. మధ్యలో మిగిలింది ఈ ఒక్క రోజే. అన్నకు ఊరు చూపించాలని ఇంద్రాణి నెల ముందు నుంచే ఉబలాటపడింది. బిడ్డను అత్తగారి దగ్గర వదిలి, మొగుడు దివాకర్ చేత సెలవు పెట్టించింది. తీరా ఇల్లు దాటగానే వాన పట్టుకుంది.

నిజానికి జయరాముడికి రావడమే ఇష్టం లేదు. ఊళ్ళో ఎనిమిదెకరాల వేరుశనగ ఊడలు దిగే అదనులో ఉంది. నేల మెత్తబడితేనే ఊడ మట్టిలోకి దిగి కాయ కడుతుంది. ముప్పై రెండు రోజులుగా చినుకు లేదు. బోరు ఎండి రెండేళ్లయింది. ఈ వారంలో ఒక్క వాన పడకపోతే చేనును గొర్రెలకు వదిలేయడమే.

“వాన కోసం ఊర్లో ఏమీ చేయలేదా బావా?” అని వచ్చేటప్పుడు కారులో దివాకర్ అడిగాడు.

“చేసినాం. కప్పలకు పెండ్లి చేసి ఊరంతా తిప్పినాం.”

“పడిందా మరి?”

“కప్పలు కాపురానికి పోయినాయి. వాన రాలే.”

దివాకర్ పగలబడి నవ్వాడు. జయరాముడు నవ్వలేదు.

“ఏది చేతనైతే అది చేయాలప్పా. చేను అట్లా వాడిపోతాంటే ఊరికే ఎట్లుంటాం?”

ఇప్పుడీ వాన చూస్తుంటే ఆయనకు మతి పోతోంది. ఎదురుగా ఉన్న నలభై అంతస్తుల మేడను సగం నుంచి పైకి మబ్బు మింగేసింది. అద్దాల గోడల మీద నీళ్లు దుప్పటి పరిచినట్టు జారుతున్నాయి. రోడ్డు పక్క కాలువ మనిషి లోతున పరవళ్లు తొక్కుతోంది. యాభై ఏళ్లలో తాను చూసిన వానలన్నీ కలిపినా ఇంత ఉండవేమో అనిపించింది. తెలియకుండానే చేతులు జోడించాడు.

“ఈ నీళ్లన్నీ యాడికి పోతాయి?”

“కొన్ని చెరువుల్లోకి, మిగిలినవి సముద్రంలోకి,” అన్నాడు దివాకర్.

“ఇంత వాన పడతాంటే ఒక్కరూ తలెత్తి చూడరేమప్పా!”

“ఎప్పుడూ పడేదే కదా బావా. విసుగు.”

విసుగన్న మాటకు జయరాముడు అతని వైపు అదోలా చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి భార్యకు కలిపాడు.

“ఓబమ్మా, పోయినావా?”

“ఆఁ, వచ్చినా.”

“ఇనపడతాండాదా?”

“బాగా ఇనపడతాండాది. ఏం వానప్పా అది!”

ఆయన ఫోను వానలోకి చాచి, పది నిమిషాలు అట్లాగే నిలబడ్డాడు. “ఆ మూలకు చాలు. ఇంక పడమటి మూలకు పో,” అన్నాడు.

“సిగ్నల్ కోసం మీ వదినను ఇల్లంతా తిప్పుతాండాడు,” అని దివాకర్ పెళ్లాం చెవిలో గొణిగాడు. “నాలుగు రోజులు విడిచి ఉండలేడు మీ అన్న!”

ఇంద్రాణికి నవ్వు రాలేదు. కనీసం పూలతోటన్నా చూపిద్దామని అక్కడికి తీసుకుపోయింది. గాజు గోపురం కింద దేశదేశాల పూలున్నాయి, లోపల చినుకు పడదు. జయరాముడు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాడు. గొడుగు అక్కడే వదిలేసి, మొక్కలు నాటడానికి తవ్విపెట్టిన మడి దగ్గరికి పోయాడు. ఫోనుకు పల్చటి కవరు చుట్టి, నేలకు జానెడు ఎత్తులో పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

ఇంద్రాణి గొడుగుతో పరుగెత్తింది. “జలుబు చేస్తాదన్నా! షెడ్డు కింద నిలబడి వినిపించకూడదా?”

“సిమెంటు మీద చప్పుడు వేరమ్మా. మట్టి మీద పడే చప్పుడు కావాల.”

“నన్ను చూసేకి వచ్చినావా, వదినకు ఫోను చేసేకి వచ్చినావా?”

“మాట్లాడొద్దు తల్లీ. వాన చప్పుడు ఒకటే పోవాల.”

అంత మాట అన్నందుకు ఇంద్రాణికి ఏడుపొచ్చింది. కానీ అన్న మొహం చూసి ఆగిపోయింది. చిన్నప్పుడు దేవుడి పల్లకి ఇంటి ముందు ఆగినప్పుడు ఆయన మొహం అట్లా ఉండేది. చెంపల మీద కారేది వానో కన్నీళ్లో తెలియడం లేదు. ఆమె కూడా పక్కనే కూర్చుంది. మట్టి వాసన గుప్పున కొట్టింది. తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్ళో ఉంటూ ఇట్లా కూర్చుని వాన వినడం ఆమెకు ఇదే మొదటిసారి.

చాలాసేపటికి ఫోను వైపు వంగి మెల్లగా పిలిచింది.

“వదినా, నేను ఇంద్రాణిని.”

అటువైపు గాలి హోరు, ఎక్కడో పిట్ట కూత, అంతే.

“వదిన ఫోను ఆడే పెట్టి యాడికో పోయినట్లుందన్నా. ఇంక ఈ వాన ఎవరికి వినిపిస్తాండావు?”

జయరాముడు ఫోనును మట్టికి ఇంకొంచెం దగ్గర చేశాడు.

“మన చేనికమ్మా.”