అందరూ వెళ్ళాక

"ఆపరేషన్ రేపటికి మారిందని చెప్పడానికి ఒక్కరికీ నోరు రాలేదా? మా అమ్మ రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు!"

కూతురి అరుపుకి వార్డంతా ఇటు తిరిగింది. నర్సు మాత్రం సెలైన్ బాటిల్ మార్చడం ఆపలేదు.

"చెప్పాల్సింది డాక్టరుగారు. నన్నడిగితే?"

"ఇంకెవర్నడగాలి? గోడనా?"

"మీతో పెట్టుకోలేనమ్మా," అంటూ నర్సు తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

మంచం మీది తల్లి కూతురి చెయ్యి పట్టుకు లాగింది. "ఊరుకోవే. ఆవిడ బాగానే చూస్తోంది."

కూతురికి ఒళ్ళు మండిపోయింది. "బాగానా? పెదాలు పగిలిపోయాయి నీకు! ఎవరి వైపమ్మా నువ్వు?"

తల్లి గొంతు తగ్గించింది. "కాసేపట్లో మిమ్మల్నందర్నీ బయటికి పంపేస్తారు. నువ్వు తనివితీరా తిట్టేసి ఇంటికి పోతావు. రాత్రి నన్ను బాత్రూంకి పట్టుకెళ్ళాల్సింది ఆవిడే. నిన్నా ఇలాగే అరిచి వెళ్ళావు. ఆవిణ్ణి పిలవడానికి నాకు భయమేసింది. పక్క తడిసిపోయింది. తెల్లారేదాకా అందులోనే పడుకున్నాను."

కూతురు తల్లికి నీళ్ళు పట్టించి, మూతి తుడిచి, నర్సు దగ్గరికి నడిచింది.

"తొందరపడి మాటలన్నాను సిస్టర్. మనసులో పెట్టుకోకండి," అంది పళ్ళ బిగువున.

నర్సు తలెత్తలేదు. "మీ అమ్మని చూసి నేర్చుకోండి. ఎంత మంచి పేషెంటో! వచ్చినప్పట్నుంచీ ఇది కావాలని ఒక్కసారి పిలిస్తే ఒట్టు."